ఊట మూసే ఎంజైమ్ గ్రౌట్‌కు ఏ మోడల్ ఎంచుకోవాలి?

బందరు, ఏలూరు, రైవస్ కాలువల పక్కన సెల్లార్ తవ్వినవాళ్లకు ఊట కొత్తేం కాదు. కాలువలకు నీళ్లు వదిలాక గోడ అడుగున చెమ్మ మొదలవుతుంది, సంప్ మోటారుకు తీరిక ఉండదు. దీనికి ఎంజైమ్ గ్రౌట్ ఒక మార్గం. గ్రౌట్ అంటే నేల సందుల్లోకి ఎక్కించి అక్కడే గట్టిపడనిచ్చే ద్రవం. యూరియా, కాల్షియం క్లోరైడ్ కరిగించిన నీళ్లకు యూరియేజ్ అనే ఎంజైమ్ చేర్చి నేలలోకి ఎక్కిస్తారు. యూరియా విడిపోయి కార్బొనేట్ పుడుతుంది, అది కాల్షియంతో కలిసి ఇసుక సందుల్లోనే కాల్సైట్‌గా (సున్నపురాయిలోని ఖనిజం) గట్టిపడుతుంది. పంపు చేసేటప్పుడు దాదాపు నీళ్లంత పలుచగా ఉండటం దీని బలం. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడకపోవడం దీని కష్టం. అందుకే ఎన్ని లీటర్లు, ఎంత వేగంతో, ఎన్ని విడతలు అన్నది ముందే లెక్కేసుకోవాలి.

ఆ లెక్కకు ఎక్సెల్ షీటు నుంచి త్రీడీ సిమ్యులేటర్ దాకా చాలా దారులున్నాయి. మా మాట ముందే చెప్పేస్తాం: విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వచ్చే పనుల్లో ఎక్కువ భాగానికి ఒక షీటు, దానిపైన ఒక వన్‌డీ కాలమ్ మోడల్ (ఇసుక నింపిన గొట్టంలో ఒకే దిశలో ద్రవం కదలికను లెక్కేసేది) చాలు. త్రీడీ దాకా వెళ్లాల్సిన సందర్భాలు ఉన్నాయి, అవేమిటో కింద చెబుతాం. అయితే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఫలితాన్ని తారుమారు చేసేవి రెండే: ఎంజైమ్ ఎంతసేపు బతుకుతుంది, సందు తగ్గితే నీటి దారి ఎంత తగ్గుతుంది. ఈ రెండూ కొలవకుండా పెద్ద మోడల్ నడిపితే రంగురంగుల బొమ్మలు వస్తాయి, ఊట ఆగదు.

అసలు ఈ గ్రౌట్ మీ పనికి సరిపోతుందా

మోడల్ మొదలుపెట్టే ముందు పదార్థాల పోలిక ఒకసారి చూడండి. సిమెంటు గ్రౌట్ ఇసుకలోకి దిగుతుందో లేదో చెప్పే పాత కొలత ఒకటుంది: ఇసుకలో 15 శాతం రేణువులు ఏ సైజు కంటే చిన్నవో ఆ సైజును, గ్రౌట్‌లో 85 శాతం రేణువులు ఏ సైజు కంటే చిన్నవో దానితో భాగించాలి. 24 దాటితే దిగుతుంది, 11 లోపైతే దిగదు. ఇసుక వైపు 0.25 మి.మీ., మామూలు సిమెంటు వైపు 0.05 మి.మీ. అనుకుంటే వచ్చేది 5. అంటే గొట్టం మూతి దగ్గరే ముద్దకడుతుంది. మైక్రోఫైన్ సిమెంటు 0.008 మి.మీ. దగ్గర ఉంటే నిష్పత్తి 31, అది దిగుతుంది. కాబట్టి ముతక, మధ్యస్థం ఇసుకకు మైక్రోఫైన్ సిమెంటు ఉండగా ఎంజైమ్ జోలికి పోవాల్సిన పని లేదు.

నీళ్లు ధారగా తన్నుకొస్తుంటే పాలీయురేథేన్ గ్రౌట్ వాడండి. అది నీటితో కలిసి నిమిషాల్లో పొంగి మూస్తుంది. ఎంజైమ్ మిశ్రమం ఆ ధారలో గట్టిపడేలోపే కొట్టుకుపోతుంది. సోడియం సిలికేట్ జెల్ సన్న ఇసుకలోకి దిగుతుంది గానీ కాలక్రమంలో కుంచించుకుపోయే గుణం ఉంది, తాత్కాలిక పనికి పర్వాలేదు. బాక్టీరియాతో చేసే పద్ధతి రసాయనం విషయంలో ఎంజైమ్‌కు అన్నలాంటిదే. కాకపోతే బాక్టీరియా మైక్రాన్ సైజులో ఉంటుంది, పెంచడానికి ల్యాబ్ కావాలి. యూరియేజ్ అణువు 12 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, ఒండ్రు కలిసిన సన్న ఇసుకలోకీ దూరుతుంది. బదులుగా అది ఇసుకను గట్టిగా అంటిపెట్టుకోదు, నీటితోపాటే పోతుంది.

గుంటూరు నల్లరేగడిలో ఈ గ్రౌట్ వద్దు. అందులోకి ద్రవం దిగనే దిగదు. పొడి కాలంలో పడే బీటల్లో పోసినా, వానకు మట్టి ఉబ్బితే లోపలి కాల్సైట్ పలుకులుగా విరిగిపోతుంది. కట్టకు పడ్డ గండి లాంటివాటికీ ఇది పనికిరాదు. ఎంజైమ్ గ్రౌట్ చోటు స్పష్టం: సిమెంటు దూరని సన్న ఇసుక, నిదానంగా వచ్చే ఊట, వెంట్రుకవాసి పగుళ్లు, లోతు బావుల సిమెంటు చుట్టూ ఉండే సన్న సందులు.

మొదటి మెట్టు: ఎక్సెల్ షీటు

దీన్ని చిన్నచూపు చూడకండి. ఒక మోలార్ (లీటరుకు ఒక మోల్) యూరియా, ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్ ఉన్న లీటరు మిశ్రమం పూర్తిగా పనిచేస్తే 100 గ్రాముల కాల్సైట్ వస్తుంది. కాల్సైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.71 గ్రాములు, కాబట్టి అది ఆక్రమించే చోటు 36.9 మిల్లీలీటర్లు. అంటే ఇసుక సందులన్నీ ఒకసారి నింపితే మూసుకునేది ఆ సందుల్లో 3.7 శాతం. అంతే. ఒక్క విడతలో లీకు ఆగుతుందని ఎవరైనా చెబితే ఈ అంకె చూపించండి.

సచ్ఛిద్రత (మొత్తం పరిమాణంలో సందుల వాటా) 0.35 ఉన్న ఇసుకను 0.30కి తేవాలనుకుందాం. ప్రతి విడతకూ మిగిలిన సందులోనే 3.7 శాతం తగ్గుతుంది కాబట్టి నాలుగు విడతలకు కాస్త పైన పడుతుంది. మార్పిడి (రసాయనాల్లో నిజంగా కాల్సైట్‌గా మారే వాటా) 80 శాతమే అయితే ఐదుకు కాస్త పైన. ఘనమీటరు ఇసుకకు కావలసిన కాల్సైట్ 135 కిలోలు, దానికి యూరియా 81 కిలోలు, డైహైడ్రేట్ (నీటి అణువులు కలిసిన) రూపంలోని కాల్షియం క్లోరైడ్ 199 కిలోలు. ఇవి నూటికి నూరు శాతం మార్పిడి లెక్కలు.

అదే లెక్క అర మి.మీ. పగులుకు వేయండి. పగులులో నీటి ప్రవాహం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు సగమైతే ప్రవాహం ఎనిమిదో వంతు. కానీ సగం మూయడానికే 19 విడతలు కావాలి, 80 శాతం మార్పిడికైతే 24. ఇక్కడే షీటు మీ డబ్బు కాపాడుతుంది: ఖాళీ పగులుకు ఈ గ్రౌట్ ఒక్కటే వాడొద్దు, ముందు సన్న ఇసుకో మైక్రోఫైన్ సిమెంటో దూర్చి, మిగిలిన సందులకే దీన్ని వాడండి.

షీటులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించే మిశ్రమం ఒక మోలార్ యూరియా, 0.67 మోలార్ కాల్షియం క్లోరైడ్, లీటరుకు 3 గ్రాముల యూరియేజ్, 4 గ్రాముల వెన్న తీసిన పాలపొడి. ఇందులో ముందు అయిపోయేది కాల్షియం. విడతకు మూసుకునేది 3.7 శాతం కాదు, 2.5 శాతమే. యూరియా గాఢత చూసి లెక్కేస్తే విడతలు మూడో వంతు తక్కువగా వస్తాయి.

యూరియా కొనుగోలు గురించి ఒక మాట. ఎరువుల కొట్లో దొరికే 45 కిలోల సబ్సిడీ బస్తా పొలానికే. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం దాన్ని వేరే పనికి వాడటం నేరం. పైగా దానికి పట్టించిన వేపనూనె ద్రావణం మీద తెట్టు కడుతుంది. టెక్నికల్ గ్రేడ్ యూరియాయే కొనండి, షీటులో ఆ ధరే వేయండి.

రెండో మెట్టు: ఎంజైమ్ ఆయుష్షు

యూరియా విడిపోయే వేగం ఒక స్థిరాంకం, ఎంజైమ్ చచ్చుబడే వేగం ఇంకో స్థిరాంకం. రెండూ ఫస్ట్ ఆర్డర్ (మిగిలిన మొత్తం తగ్గేకొద్దీ వేగమూ అదే నిష్పత్తిలో తగ్గడం) అనుకుంటే, ఎంతసేపు ఆగినా చివరికి విడిపోయే యూరియా వాటా ఆ రెండింటి నిష్పత్తి మీదే ఆధారపడుతుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, దాని రుణ ఘాతాన్ని ఎక్స్‌పొనెన్షియల్‌లో వేసి, ఒకటి నుంచి తీసేయండి. ఎక్సెల్‌లో ఒకే గడి.

ఉదాహరణకు యూరియా విడిపోయే స్థిరాంకం గంటకు 0.35, అంటే రెండు గంటల్లో సగం అవుతుంది. ఎంజైమ్ చచ్చుబడేది గంటకు 0.2 అయితే చివరికి విడిపోయేది 83 శాతం. ఇప్పుడు వేడి పెరిగి మొదటిది 1, రెండోది 2 అయిందనుకోండి. చర్య మూడింతలు చురుకైంది, కానీ చివరికి విడిపోయేది 39 శాతమే. వేడిచేస్తే పని త్వరగా అవుతుందనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

మే నెల విజయవాడలో ఇది పుస్తకాల్లోని లెక్క కాదు. అన్‌హైడ్రస్ (నీటి అణువులు లేని) కాల్షియం క్లోరైడ్ కరిగితే గట్టిగా వేడెక్కుతుంది. ఒక మోలార్ ద్రావణానికి 19 డిగ్రీల దాకా పెరుగుతుంది. యూరియా కరిగితే చల్లబడుతుంది గానీ మూడున్నర డిగ్రీలే. 30 డిగ్రీల బోరు నీళ్లలో రెండూ ఒకేసారి కలిపితే డ్రమ్ము 45 డిగ్రీలు చేరుతుంది. ఎండలో నిలబెట్టిన నల్ల ట్యాంకైతే ఇంకా పైకి. దానిలోకే ఎంజైమ్ వేస్తే నేలలోకి వెళ్లేలోపే కొంత పోతుంది, మోడల్‌లో మాత్రం 30 డిగ్రీలని ఉంటుంది. ఉప్పులు ముందురోజు సాయంత్రం కలిపి నీడలో ఉంచండి, పొద్దున్నే ఉష్ణోగ్రత చూసి ఎంజైమ్ చేర్చండి. డైహైడ్రేట్ వాడితే పెరుగుదల సుమారు సగం. రాగి, ఇత్తడి పాత్రలు వద్దు, రాగి యూరియేజ్‌ను చంపుతుంది. కొళాయి నీళ్లలోని క్లోరిన్ కూడా అంతే, అవి రాత్రంతా తెరిచి ఉంచాక వాడండి.

యూనిట్ల తికమక ఇంకోటి. ఎంజైమ్ డబ్బా మీద ఒక యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్ అమ్మోనియా అని కొందరు రాస్తారు, ఒక మైక్రోమోల్ యూరియా అని కొందరు రాస్తారు. ఒక యూరియా నుంచి రెండు అమ్మోనియాలు వస్తాయి కాబట్టి తేడా రెండింతలు. సరఫరాదారు పత్రం చదవకుండా అంకె తీసుకోవద్దు. నమ్మదగిన దారి మీరే కొలవడం: ఎంజైమ్ ఒక వంతు, 1.11 మోలార్ యూరియా తొమ్మిది వంతులు కలిపి, ఐదు నిమిషాలపాటు విద్యుత్ వాహకత చూడండి. నిమిషానికి ఒక మిల్లీసీమెన్స్ పెరిగితే నిమిషానికి 11.11 మిల్లీమోలార్ యూరియా విడిపోయినట్టు. పలుచన చేసినందుకు పదితో గుణించాలి. ఈ పదిని మర్చిపోవడం ల్యాబుల్లో మామూలే.

ఎంజైమ్‌కు జాక్ బీన్ గింజలు పేరుపొందినవి. 1926లో జేమ్స్ సమ్నర్ మొట్టమొదట స్ఫటికంగా వేరుచేసిన ఎంజైమ్ వాటి నుంచి తీసిన ఈ యూరియేజే. మన దగ్గర సోయా, పుచ్చగింజలు, కంది, ఉలవల్లోనూ యూరియేజ్ ఉంది. నానబెట్టి రుబ్బి వడగట్టిన ముడిసారం చవక, పైగా అందులోని మిగతా ప్రోటీన్లు పాలపొడి చేసే పనే, అంటే ఎంజైమ్‌ను నిలబెట్టడం, కొంత చేస్తాయి. కానీ బ్యాచ్ బ్యాచ్‌కూ శక్తి మారుతుంది, పిప్పి రేణువులు గొట్టం మూతిని మూస్తాయి. ముడిసారం వాడేవాళ్లు పేపర్లలోని స్థిరాంకాలు అరువు తెచ్చుకోకూడదు. ప్రతి బ్యాచ్ కొలిచి మోడల్‌లో మార్చాలి.

మైఖేలిస్–మెంటెన్ వాడాలా, ఫస్ట్ ఆర్డర్ వాడాలా అని విద్యార్థులు అడుగుతుంటారు. జాక్ బీన్ యూరియేజ్ మైఖేలిస్ స్థిరాంకం (ఎంజైమ్ వేగం గరిష్ఠంలో సగానికి చేరే యూరియా గాఢత) 3 మిల్లీమోలార్ దగ్గర. మన మిశ్రమం 1000 మిల్లీమోలార్. పుస్తకం ప్రకారమైతే దాదాపు చివరిదాకా వేగం మారకూడదు. కానీ అమ్మోనియం పోగవుతుంది, పీహెచ్ కదులుతుంది, ఎంజైమ్ చుట్టూ కాల్సైట్ పేరుకుంటుంది. అందుకే కొలిచిన వక్రరేఖ చాలాసార్లు ఫస్ట్ ఆర్డర్‌లాగే వంగుతుంది. మీ బీకరులో ఏది కుదిరితే అదే వాడండి. ఇక్కడ సిద్ధాంతం కోసం పట్టుబట్టడం దండగ.

మూడో మెట్టు: ఫ్రీక్‌సీతో వన్‌డీ కాలమ్

అమెరికా జియలాజికల్ సర్వే ఉచితంగా ఇచ్చే ఫ్రీక్‌సీ (నీటి రసాయనాన్ని లెక్కేసే ప్రోగ్రామ్) ఎంటెక్ ప్రాజెక్టుకు చాలా అనువైనది. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, పీహెచ్, కాల్సైట్ సంతృప్తత తానే లెక్కేస్తుంది. మిశ్రమం పీహెచ్ ఆమ్లంతో తగ్గించి, గట్టిపడటం ఆలస్యం చేసే ఒకే విడత ఇంజెక్షన్ పద్ధతి మీరు ఆలోచిస్తుంటే షీటు చాలదు. ఎందుకంటే పీహెచ్ తిరిగి పెరిగేదాకా పట్టే సమయమే ఆ పద్ధతి ప్రాణం, స్థిరాంకం మారని లెక్కకు అది అందదు.

మొదటిసారి నడిపేవాళ్లు పడే గోతులు ఇవి. మామూలు డేటాబేస్‌లో అమోనియం, నైట్రేట్, నైట్రోజన్ వాయువు ఒకదానితో ఒకటి సమతౌల్యంలోకి వెళ్లిపోతాయి, మీ అమోనియం కళ్లముందే మాయమవుతుంది. దానితోపాటే వచ్చే అమ్ డేటాబేస్‌లో అమోనియం విడిగా ఉంటుంది, అది వాడండి. యూరియాను మీరే కొత్త మాస్టర్ స్పీసీస్‌గా (ప్రోగ్రామ్ విడిగా లెక్కేసే పదార్థంగా) చేర్చి, విడిపోయే వేగం రేట్స్ బ్లాకులో రాయాలి. ఎంజైమ్‌ను కూడా అలాగే చేర్చి, దానికి చచ్చుబడే వేగం ఇవ్వాలి. ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్ అంటే అయానిక్ బలం (ద్రావణంలోని అయాన్ల మొత్తం ప్రభావానికి కొలత) 3. పలుచని ద్రావణాలకు సరిపడే డెబై–హకెల్ తరహా సూత్రాలు అక్కడ నమ్మదగినవి కావు. గాఢ ద్రావణాలకు వాడే పిట్జర్ సూత్రాలకు మారాలంటే అందులో మీ అయాన్లన్నిటికీ విలువలు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. మొత్తం కాల్సైట్ లెక్కకు ఈ తప్పు పెద్దగా తగలదు. ఎందుకంటే వేగాన్ని శాసించేది యూరియా విడిపోవడమే. మొదటి స్ఫటికం ఎప్పుడు పుడుతుందన్నదానికి మాత్రం తగులుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి: కాల్సైట్ పేరుకున్నా ఫ్రీక్‌సీలో నీటి వేగం మారదు. పంపు ఒకే వేగంతో తోస్తోంది అనుకుంటే పర్వాలేదు. ట్యాంకు ఎత్తు మీద ఆధారపడి ద్రవం దిగే ఏర్పాటైతే, సందు మూసుకునేకొద్దీ ప్రవాహం తగ్గాలి, అది ఇందులో రాదు.

కాలమ్ కొలతలు ఎలా పెట్టాలో చూద్దాం. 5 సెం.మీ. వ్యాసం, 50 సెం.మీ. పొడవు, సచ్ఛిద్రత 0.35 అంటే సందుల పరిమాణం 344 మి.లీ. నిమిషానికి 10 మి.లీ. తోస్తే ద్రవం లోపలుండేది 34 నిమిషాలు. స్థిరాంకం గంటకు 0.35 అయితే అవతలి చివరకు చేరేలోపు విడిపోయేది 18 శాతం. మిగతాది పంపు ఆపాక, ఇసుకంతటా సమంగా జరుగుతుంది. అదే పంపును నిమిషానికి 1 మి.లీ.కి తగ్గిస్తే ప్రయాణంలోనే 87 శాతం అయిపోతుంది, కాల్సైట్ ఎక్కువ భాగం మొదటి సగంలోనే దిగుతుంది. మూతి మూసుకుపోయిన కాలమ్‌లు చాలావరకు ఇలా తయారైనవే. మా కొలబద్ద: ప్రయాణంలో విడిపోయేది 20 శాతం దాటకూడదు. దాటితే ఎంజైమ్ తగ్గించండి, వేగం పెంచండి, లేదా ఎంజైమ్‌ను ముందు పంపి, మధ్యలో కొంచెం మంచినీళ్లు తోసి, తరువాత ఉప్పులు పంపండి.

మోడల్ కాలమ్‌ను ముక్కలుగా విడగొట్టే గడి సైజు మీద కన్నేసి ఉంచండి. మొదటి గడి 10 సెం.మీ. పెడితే మూతి దగ్గరి కాల్సైట్ ఆ గడంతా పలుచగా పరుచుకున్నట్టు లెక్కవుతుంది, మూసుకుపోవడం కనపడదు. అరసెంటీమీటరు పెట్టి, మళ్లీ దానిలో సగం పెట్టి చూడండి. మూసుకునే సమయం పది శాతం కంటే ఎక్కువ మారితే ఇంకా సన్నం చేయాల్సిందే.

త్రీడీ ఎప్పుడు

మూడు సందర్భాల్లో. ఒకటి, ద్రావణం బరువు. ఒక మోలార్ మిశ్రమం నీటికంటే సుమారు పది శాతం బరువు. గొట్టం నుంచి బయటికొచ్చాక అడుగుకు జారుతుంది, పైభాగం వట్టిగా మిగులుతుంది. వన్‌డీకి ఇది తెలియదు. రెండు, భూగర్భజలం కదలిక. దీనికి ముందు చేతిలెక్క ఉంది: పారగమ్యత (నేల నీటిని ఎంత వేగంగా పోనిస్తుందన్న కొలత) సెకనుకు పదివేలవ వంతు మీటరు, నీటిమట్టం వాలు 0.05, సచ్ఛిద్రత 0.35 అయితే నీళ్లు రోజుకు 1.2 మీటర్లు కదులుతాయి. యూరియా సగం విడిపోయేది రెండు గంటల్లో అయితే ఆలోపు జరిగేది 10 సెం.మీ., పర్వాలేదు. పన్నెండు గంటలైతే 60 సెం.మీ., మీ గ్రౌట్ పక్కవాళ్ల స్థలంలో గట్టిపడుతుంది. మూడు, దగ్గర్లో తాగునీటి బోరు.

ఈ మూడోది కాస్త వివరంగా చెప్పాలి. ప్రతి మోల్ కాల్సైట్‌కు రెండు మోల్‌ల అమోనియం మిగులుతుంది. అర మీటరు వ్యాసార్ధం, మీటరు పొడవు ఉన్న ఇసుక స్తంభాన్ని పైన చెప్పినట్టు మూస్తే విడుదలయ్యే అమోనియం 38 కిలోలు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అమోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అదీ నైట్రోజన్ లెక్కలో. ఆ 38 కిలోలను ఈ హద్దుకు పలుచన చేయాలంటే 6 కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. కాబట్టి వాడిన ద్రవాన్ని వెనక్కి తోడే బోరు ఉండాలి, ఆ బోరు ఎక్కడ, ఎంత తోడాలి అన్నది త్రీడీ మోడలే చెబుతుంది. తోడింది రైవస్ కాలువలోకి వదిలితే చేపలు తేలతాయి. క్లోరైడ్ సంగతీ ఇంతే: ఒక మోలార్ మిశ్రమంలో లీటరుకు 71 గ్రాముల క్లోరైడ్ ఉంటుంది. సెల్లార్ గోడ లోపలి ఇనుముకు అది తుప్పు. గోడకు ఆనుకుని ఎక్కించాల్సి వస్తే కాల్షియం అసిటేట్ మీద ఆలోచించండి, లేదా గోడకు దూరంగా బయటి ఇసుకలోనే తెర కట్టండి.

ఇక సాఫ్ట్‌వేర్. జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయం వాళ్ల డ్యూముక్స్ ఉచితం, కోడ్ చూడొచ్చు. ఎంజైమ్ కాల్సైట్‌కు ప్రచురితమైన మోడల్ అందులోనే ఉంది, ఎంజైమ్ ఇసుకకు అంటుకోవడం, వేడికి చచ్చుబడటం కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఉదాహరణల ఫోల్డర్‌లో బయోమినరలైజేషన్ సమస్య దొరుకుతుంది, దాన్నే సవరించుకుంటూ వెళ్లడం తేలిక. సీ ప్లస్ ప్లస్, లైనక్స్ రానివాళ్లకు మొదటి నెల అంతా కంపైల్ తప్పులతోనే గడిచిపోతుంది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ల టఫ్‌రియాక్ట్‌కు లైసెన్సు డబ్బు కట్టాలి. కోడ్ రాయక్కర్లేదు, సచ్ఛిద్రత నుంచి పారగమ్యత లెక్కేసే సూత్రాలు తయారుగా ఉంటాయి. కామ్సాల్ మీ కాలేజీలో ఇప్పటికే ఉంటే సరే, దీనికోసమే కొనకండి. ఒక్కో సందు స్థాయిలో లెక్కేసే పోర్ నెట్‌వర్క్, లాటిస్ బోల్ట్‌జ్‌మాన్ లాంటివి పీహెచ్‌డీ వాళ్లకు. ఇసుక లోపలి సందులు చూపే మైక్రో సీటీ స్కాన్ బొమ్మలు లేకుండా వాటితో సైటు పని కాదు.

సందు తగ్గితే పారగమ్యత ఎంత తగ్గుతుంది

ఇది ఏ సాఫ్ట్‌వేరూ మీ బదులు చెప్పదు, మీరే సూత్రం ఇవ్వాలి. సచ్ఛిద్రత 0.35 నుంచి 0.30కి తగ్గిందనుకోండి. కోజెనీ–కార్మన్ సూత్రం ప్రకారం పారగమ్యత 54 శాతానికి వస్తుంది, అంటే ఊట సగం కూడా ఆగలేదు. వర్మ–ప్రూస్ సూత్రంలో, పూర్తిగా మూసుకుపోయే హద్దు 0.25, ఘాతం 3 పెడితే 12.5 శాతం. హద్దును 0.28 చేస్తే 2.3 శాతం. ఖర్చయిన యూరియా ఒక్కటే, పేరుకున్న కాల్సైట్ ఒక్కటే, జవాబులు మూడు. కాల్సైట్ గింజ చుట్టూ పూతలా కడితే మొదటి సూత్రానికి దగ్గరగా, గింజల మధ్య ఇరుకు మెడల్లో కడితే చివరిదానికి దగ్గరగా ఉంటుంది. మీ ఇసుకలో ఏది జరుగుతుందో కాలమ్ పరీక్షే చెప్పాలి.

పరీక్ష ఖరీదైనదేం కాదు. సైటు నుంచి తెచ్చిన ఇసుకనే, అదే సాంద్రతకు నింపండి. ప్రతి విడత తరువాత స్థిర మట్టం పద్ధతిలో, ఐఎస్ 2720 17వ భాగం ప్రకారం పారగమ్యత చూడండి. కనీసం నాలుగు విడతలు చేయాలి, ఒక విడత ముందు–తరువాత రెండు బిందువులతో గీత గీయలేం. చివర కాలమ్‌ను ఐదారు ముక్కలు కోసి, ఎండబెట్టి తూచి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి మళ్లీ తూచండి. తేడాయే కాల్సైట్. కృష్ణ ఇసుకలో సున్నపు ముక్కలు, గుల్లలు ముందే ఉండొచ్చు, కాబట్టి గ్రౌట్ ఎక్కించని ఇసుకకూ ఇదే పరీక్ష చేసి ఆ విలువ తీసేయాలి. ముక్కలవారీ కాల్సైట్ మోడల్ గీతతో సరిపోలి, పారగమ్యత సరిపోలకపోతే తప్పు సూత్రంలో ఉంది. కాల్సైటే సరిపోలకపోతే ఎంజైమ్ స్థిరాంకాల్లో ఉంది. రెండింటినీ ఒకేసారి తిప్పి కుదిర్చారంటే ఆ మోడల్ సైటులో నిలవదు.

ఎవరికి ఏది

ఎంటెక్ విద్యార్థికి: ఫ్రీక్‌సీ, నాలుగు కాలమ్‌లు, వర్మ–ప్రూస్ హద్దును కొలిచి తేల్చడం. ఇదొక్కటే మంచి థీసిస్.

సెల్లార్ ఊట చూసే కన్సల్టెంటుకు: షీటు, ఎంజైమ్ ఆయుష్షు గడి, రోజుకు నీళ్లు ఎంత కదులుతాయన్న చేతిలెక్క. ఇవి సరిపోతే ఒక గొట్టం చుట్టూ వలయాకార లెక్క వేయండి. నిమిషానికి 10 లీటర్లు ఎక్కిస్తే, మీటరు పొడవు జల్లెడ ఉన్న గొట్టానికి రెండున్నర సెం.మీ. దూరంలో ద్రవం వేగం నిమిషానికి 18 సెం.మీ., అర మీటరు దూరంలో ఒక సెం.మీ. కంటే తక్కువ. అర మీటరు దాకా నింపడానికి 275 లీటర్లు, 28 నిమిషాలు. ఈ 28 నిమిషాల్లో 15 శాతం విడిపోతుంది, అది మన 20 శాతం కొలబద్ద లోపలే ఉంది. కాలువలు కట్టేసి, నీటిమట్టం తక్కువగా ఉన్న వేసవిలో పని పెట్టుకుంటే ఊట నెమ్మదిస్తుంది, గ్రౌట్ నిలుస్తుంది. అయితే వేడి లెక్క మరోసారి చూసుకోవాలి. పని ముందు, తరువాత ఐఎస్ 5529 మొదటి భాగం ప్రకారం సైటులోనే పారగమ్యత కొలవమని కాంట్రాక్టులో రాయించండి.

చెరువు కట్ట, కాలువ గట్టు ఊటకు: పొడవు ఎక్కువ, గొట్టాలు పదుల్లో ఉంటాయి, ఒక గొట్టం గ్రౌట్ పక్కదాన్ని తాకుతుందా లేదా అన్నదే ప్రశ్న. ఇక్కడ టూడీ అడ్డుకోతతో మొదలుపెట్టండి, బరువుకు జారడం అందులోనే తెలుస్తుంది. తాగునీటి బోరు ఉంటేనే త్రీడీ.

లోతు బావి సిమెంటు పక్క సందులకు: కృష్ణా–గోదావరి బేసిన్ లాంటి చోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందని లెక్కేస్తే, కిలోమీటరున్నర లోతులో 70 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. అక్కడ ఈ పనికి మామూలుగా వాడే బాక్టీరియా బతకదు, ఎంజైమ్ నిమిషాల లెక్కలో పనిచేసి చచ్చుబడుతుంది. ఇంకా లోతుకు, 90 డిగ్రీలు దాటాక, యూరియా ఎంజైమ్ లేకుండానే వేడికి విడిపోతుంది, ఆ స్థిరాంకం కూడా మోడల్‌లో ఉండాలి. అమెరికాలో అలబామాలోని ఒక బావిలో 2014లో సుమారు 340 మీటర్ల లోతున పగులు మూసిన ప్రయోగం బాక్టీరియాతో చేసింది. ఆ స్థిరాంకాలు తెచ్చి వేడి బావికి పెట్టకండి. దీనికి ఉష్ణోగ్రత కలిపిన డ్యూముక్స్ తప్ప చిన్న దారి లేదు. మీ ఎంజైమ్‌ను 50, 60, 70, 80 డిగ్రీల దగ్గర విడివిడిగా నీళ్ల తొట్టెలో ఉంచి, ప్రతి పది నిమిషాలకూ వాహకత పరీక్ష చేసి, చచ్చుబడే స్థిరాంకం తీశాకే ఆ పని మొదలుపెట్టండి.